ఆదాయపు పన్ను (ఐటీ) కాగితాలు ఎన్నేళ్లు దాచాలి, ఏవి పారేయొచ్చు, ఏవి అస్సలు పారేయకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ బాపు రిటైర్డ్ టీచర్, కాజీపేటలోని పాత ఇల్లు ఖాళీ చేసి హన్మకొండలో ఫ్లాట్‌కు మారుతున్నారు, రెండు ట్రంకు పెట్టెల నిండా పాత కాగితాలున్నాయి, పొలం కూడా ఉంది. దుబాయ్‌లో ఉన్న మీ అన్న ఏడేళ్లు దాటినవన్నీ పారేయమంటున్నాడు, బాపు ఒక్క కాగితం కూడా ముట్టనియ్యట్లేదు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని అడిగారు.

హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా రిటర్నులు, నోటీసుల పనే చేస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. జీతం, వడ్డీ, మినహాయింపుల కాగితాల విషయంలో మీ అన్న మాట దాదాపు కరెక్టే, కానీ అదే లెక్క స్థలం కాగితాలకు పెడితే రేపు మీ కుటుంబం లక్షల్లో నష్టపోవచ్చు. కాగితం ఎంత పాతదన్నది తర్వాత చూద్దాం. చేతిలోకి తీసుకున్న ప్రతి కాగితాన్నీ ముందు ఒక్క మాట అడగండి: ఇది ఫలానా సంవత్సరం ఆదాయం గురించి చెబుతోందా, లేక ఒక ఆస్తి ఎక్కడి నుంచి, ఎంతకు, ఏ డబ్బుతో వచ్చిందో చెబుతోందా? మొదటి రకానికి గడువుంది. రెండో రకానికి, ఆ ఆస్తి మీ చేతిలో ఉన్నంత కాలం గడువు లేదు.

ముందు గడువు ఉన్నవాటి సంగతి. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు, ఎందుకంటే చట్టంలో ఏళ్లు లెక్కపెట్టేది ఆదాయం వచ్చిన సంవత్సరం నుంచి కాదు, దాని తర్వాతి అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన రోజు నుంచి. ఉదాహరణకు 2024-25లో వచ్చిన ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26, అది ముగిసేది 2026 మార్చి 31న. ఆ రిటర్న్ 2025లో గడువులోపు వేసి ఉంటే మామూలు స్క్రూటినీ (రిటర్న్‌ను లోతుగా పరిశీలించే) నోటీసు 2026 జూన్ 30 లోపే రావాలి. అది రాలేదంటే అయిపోయిందని అనుకోవద్దు, పాత కేసు తిరగదోడే అధికారం వేరే ఉంది. 2024 సెప్టెంబర్ 1 నుంచి మారిన నిబంధనల ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 3 సంవత్సరాల 3 నెలల వరకు ఆ నోటీసు ఇవ్వొచ్చు, అంటే మన ఉదాహరణలో 2029 జూన్ 30 దాకా. లెక్కలోకి రాని మొత్తం 50 లక్షలు, ఆ పైన ఉందని ఆధారం ఉంటే 5 సంవత్సరాల 3 నెలలు, అంటే 2031 జూన్ 30 దాకా. 50 లక్షలంటే మనలాంటోళ్లకు సంబంధం లేదనుకోకండి. హన్మకొండలో ఒక్క ప్లాటు అమ్మినా కొన్నా ఆ అంకె ఈజీగా దాటుతోంది, రిజిస్ట్రేషన్ సమాచారం ఐటీ శాఖకు వెళ్తూనే ఉంటుంది.

నెట్‌లో కొన్నిచోట్ల పదేళ్లని ఎందుకు రాసి ఉంటుందంటే, 2021 నుంచి 2024 ఆగస్టు దాకా పెద్ద మొత్తాలకు నిజంగానే పదేళ్ల గడువు ఉండేది. అంతకుముందు ఇంకో లెక్క. ఇప్పుడు 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అనే రెండు మాటలు పోయి ట్యాక్స్ ఇయర్ అనే ఒక్క మాట మిగిలింది. పాత సంవత్సరాల కేసులు మాత్రం పాత చట్టం కిందే నడుస్తాయి కాబట్టి కొత్త చట్టం వచ్చింది కదా అని పాత కాగితాలు తీసి పారేయొద్దు. గడువులు ఇలా నాలుగైదేళ్లకోసారి మారుతుంటే ఒక్కో తేదీ పట్టుకుని కూర్చోవడం దండగ అని నా అభిప్రాయం. ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఎనిమిదేళ్లు ఉంచండి. అన్ని మామూలు గడువులూ అందులో వచ్చేస్తాయి. షేర్లలోనో, ఇల్లో స్థలమో అమ్మడంలోనో వచ్చిన నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు, అలాంటి నష్టం ఉంటే మాత్రం దాన్ని ఆఖరిసారి వాడుకున్న సంవత్సరం నుంచి మళ్లీ ఎనిమిదేళ్లు లెక్కేసుకోండి. ఏదైనా నోటీసు, అప్పీలు, రాని రీఫండ్ ఉంటే అది పూర్తిగా తేలేదాకా ఆ సంవత్సరం ఫైలు కదపొద్దు.

ఈ ఎనిమిదేళ్ల ఫైల్లో ఏం ఉండాలి? ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చేది), రిటర్న్ కాపీ, అకనాలెడ్జ్‌మెంట్, రిటర్న్ చూశాక ఐటీ శాఖ పంపిన ఇంటిమేషన్, ఆ సంవత్సరపు 26ఏఎస్, ఏఐఎస్ (మీ పేరున కోసిన పన్ను, జరిగిన లావాదేవీలు ఐటీ శాఖ చూపించే పట్టికలు), అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, మినహాయింపు అడిగిన ప్రతిదానికీ రసీదు. ఈ ఆఖరిదాని మీదే నా బాధంతా. రిటర్న్‌తో పాటు మనం ఏ కాగితమూ జత చేయం. జత చేయకపోతే అవసరం లేదనుకుని, ఇల్లు అద్దెకు లేకున్నా అద్దె, కట్టని చందాలు చూపించి రీఫండ్ తెప్పిస్తామనే ఏజెంట్ల మాట నమ్మి సంతకాలు పెట్టిన ఉద్యోగులు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2025 జూలైలో ఇలాంటి బోగస్ మినహాయింపుల మీద ఐటీ శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల ఒకేసారి తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలిచ్చి ఆదాయం తగ్గించి చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా పెనాల్టీ, వడ్డీ అదనం. నిజంగా అద్దె కట్టినవాళ్లు కూడా కాగితం లేక ఇబ్బంది పడుతున్నారు, అందుకే అద్దె ఒప్పందం, రసీదులు, ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు, వీలైతే అద్దె బ్యాంకు ద్వారా కట్టిన ఆధారం ఆ ఏడాదే ఫైల్లో పెట్టేయండి. ఆస్పత్రి, మందుల షాపు బిల్లులు మెషీన్ నుంచి వచ్చే నున్నటి కాగితం మీద ఉంటాయి కదా, ఏడాది రెండేళ్లలో అక్షరాలు మాయమవుతాయి. వాటిని వచ్చిన వారమే జిరాక్స్ తీసి ఒరిజినల్‌కు పిన్ చేయండి.

బ్యాంకు స్టేట్‌మెంట్ ఎప్పుడైనా తెచ్చుకోవచ్చనే ధీమా వద్దు. లావాదేవీల రికార్డులు బ్యాంకులు తప్పనిసరిగా ఉంచాల్సింది 5 ఏళ్లే. ఆ తర్వాత దొరికితే దొరికినట్టు, బ్రాంచీ విలీనమై ఉంటే ఇంకా కష్టం. ప్రతి ఏప్రిల్‌లో గడిచిన ఏడాది స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక పారేయకూడనివి. మీ కాజీపేట ఇంటినే తీసుకుందాం. బాపు ఆ జాగా ఎప్పుడు కొన్నారో మీరు రాయలేదు, 2001కి ముందు కొన్నారనుకుందాం. ఇప్పుడో పదేళ్ల తర్వాతో అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను పడుతుంది, ఆ లాభం లెక్క తేలాలంటే కొన్న ధర కావాలి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి అసలు కొన్న ధర బదులు ఆ తేదీ నాటి మార్కెట్ విలువ తీసుకునే అవకాశం చట్టం ఇచ్చింది, కాకపోతే భూమికైనా ఇంటికైనా అది ఆ రోజు నాటి స్టాంపు విలువను (రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం లెక్కగట్టే విలువ) దాటకూడదు. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి అప్పటి విలువ సర్టిఫికెట్ తీసుకుని డాక్యుమెంటుతో పాటే ఉంచండి, ఇది అమ్మే రోజున హడావిడిగా తిరిగి తెచ్చుకునే కాగితం కాదు. 2024 జూలై 23న గానీ ఆ తర్వాత గానీ అమ్మితే, ఎక్కువ కాలం ఉంచుకున్న ఆస్తి లాభం మీద 12.5 శాతం పన్ను, ద్రవ్యోల్బణం సర్దుబాటు ఉండదు. అయితే ఆ తేదీకి ముందే కొన్న భూమి, ఇళ్లకు ఇక్కడ నివసించేవాళ్లు పాత పద్ధతిలో సర్దుబాటు చేసి 20 శాతం లెక్క కూడా కట్టి, రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఆ పోలిక చేయాలన్నా మొదట్లో పెట్టిన ఖర్చు రుజువు కావాల్సిందే.

2001 తర్వాత పై అంతస్తు వేసి ఉంటే ఆ ఖర్చూ లెక్కలోకి వస్తుంది. సిమెంటు, స్టీలు బిల్లులు, మున్సిపల్ పర్మిషన్, ఇంజినీరు ఎస్టిమేటు, మేస్త్రీకి ఇచ్చిన డబ్బుల లెక్క రాసుకున్న నోటు పుస్తకం, హోమ్ లోన్ కాగితాలు, ఇవన్నీ ట్రంకు పెట్టెలో ఉండే ఉంటాయి, అవే బాపు ముట్టనియ్యనివి కూడా అయి ఉంటాయి. ఆయన మాట వినండి. ఇల్లు మీకు, మీ అన్నకు వారసత్వంగా వచ్చాక అమ్మినా కొన్న ధర బాపు పెట్టినదే లెక్కలోకి వస్తుంది. అప్పుడు ఈ బిల్లులు వెతుక్కునేది మీరే. అమ్మేశాక కూడా రిటర్న్ వేసిన ఏడాది నుంచి ఇంకో ఎనిమిదేళ్లు ఉంచాలి. అమ్మిన డబ్బుతో ఇంకో ఇల్లు కొని మినహాయింపు తీసుకుంటే ఆ కొత్త ఇంటి ఫైల్లో ఈ పాత కాగితాలన్నీ చేరిపోతాయి.

బంగారం విషయంలో మనవాళ్లు బిల్లు పెళ్లి అయిన వారానికే పారేస్తారు. సోదాల్లో పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని స్త్రీకి 250, మగవారికి 100 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994 నాటి ఆదేశం ఉంది. అది జప్తు గురించే. అంత బంగారానికి ఆధారం అడగరని కాదు, అమ్మినప్పుడు లాభం లెక్కకు బిల్లు అక్కర్లేదని కూడా కాదు. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉంటే కాంట్రాక్ట్ నోట్లు, స్టేట్‌మెంట్లు కంప్యూటర్‌లోనే ఉంటాయి కనుక పెద్ద టెన్షన్ లేదు, 2018 జనవరి 31కి ముందు కొన్నవి ఉంటే మాత్రం ఆ పాత వివరాలు విడిగా ఉంచండి.

టీచర్‌గా బాపు సర్వీసు కాగితాలు వేరే కవర్‌లో పెట్టండి. పెన్షన్ పేమెంట్ ఆర్డరు, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకోవడం), జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) ఉత్తర్వులు ఆయనకూ, రేపు అమ్మకు ఫ్యామిలీ పెన్షన్‌కూ కావాలి. పాత ఫారం 16లు కూడా తొందరపడి చించొద్దు. పీఆర్సీ (వేతన సవరణ), డీఏ బకాయిలు ఒకేసారి వచ్చినప్పుడు పన్ను పెరగకుండా రిలీఫ్ అడగాలంటే ఫారం 10ఈ వేయాలి, అందులో ఆ బకాయి ఏ సంవత్సరాలదో ఆ సంవత్సరాల ఆదాయం, పన్ను రాయాలి. బకాయిలు రావాల్సి ఉన్నంత వరకు ఆ ఏళ్ల ఫారం 16లు, రిటర్న్ కాపీలు అవసరమే.

పొలం ఉందని రాశారు కదా. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, నిజమే, కానీ అది వ్యవసాయ ఆదాయమని చూపించాల్సింది మనమే. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మినప్పుడు ఇచ్చే తక్‌పట్టీ, సీసీఐకి (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) అమ్మితే ఆ రసీదు, డబ్బు బ్యాంకులో పడిన ఎంట్రీ, కౌలుకిస్తే కౌలు కాగితం, ఏ ఏడాదివి ఆ ఏడాది ఫైల్లో వేయండి. ఖర్చులు పోను వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటితే ఐటీఆర్ 2లో జిల్లా, విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా అన్నవి కూడా అడుగుతారు. భూమి కాగితాలైతే పన్నుతో సంబంధం లేకుండా శాశ్వతం. పాత పహాణీలు, పట్టాదారు పాస్ పుస్తకం, సాదాబైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం) ఒరిజినల్, లింకు డాక్యుమెంట్లు, అప్పటి ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) ఏవీ వదలొద్దు. భూ రికార్డులకు 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో భూ భారతి వచ్చింది, ఆన్‌లైన్‌లో ఉంది కదా అని పాత పహాణీ పారేసినవాళ్లు రికార్డులో తేడా వస్తే దేన్ని పట్టుకుని అడుగుతారు? ఊరు మున్సిపాలిటీకి ఎంత దూరమో తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే అదీ దాచండి. అమ్మినప్పుడు ఆ పొలం లాభం పన్నులోకి వస్తుందా రాదా అనేది ఆ మున్సిపాలిటీ జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్ల లెక్క మీద ఆధారపడుతుంది.

మీ అన్న గురించి ఒక మాట, ఇది జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. గడువు తీరిన పాస్‌పోర్టులు అస్సలు పారేయొద్దని చెప్పండి. ఆ ఏడాది ఆయన ఎన్నారైనా కాదా అనేది ఇండియాలో ఎన్ని రోజులు ఉన్నాడనే దాని మీద తేలుతుంది, దానికి రుజువు ఆ స్టాంపులే. ఇప్పుడు కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ఆటోమేటిక్ గేట్ల దగ్గర స్టాంపు పడట్లేదు కాబట్టి టికెట్లు, బోర్డింగ్ పాస్‌ల ఫొటోలు కూడా ఉంచుకోవాలి. వీసా, ఉద్యోగ ఒప్పందం, జీతం స్లిప్పులు, ఎన్ఆర్ఈ ఖాతా స్టేట్‌మెంట్లు, ఎక్స్చేంజ్ ద్వారా ఇంటికి పంపిన డబ్బు రసీదులు, ఇవన్నీ ఆ డబ్బుతో ఇక్కడ కట్టిన ఇల్లు, కొన్న పొలం కాగితాలతో కలిపి పెట్టండి. ఇరవై ఏళ్ల కష్టం పెట్టి కట్టుకున్న ఇంటికి డబ్బెక్కడిదని అడిగితే నోటి మాట సరిపోదు. ఆయన తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడ్డాక దుబాయ్‌లో ఖాతా, ఆస్తి ఏదైనా ఉంటే రిటర్న్‌లో చూపించాల్సిన రోజు వస్తుంది. 2015 నల్లధనం చట్టం ప్రకారం చూపించని విదేశీ ఆస్తి ఎప్పుడు బయటపడితే ఆ ఏడాదే దాని మీద పన్ను వేస్తారు, పాతదైపోయిందనే రక్షణ అక్కడ లేదు. ఏడేళ్ల మాట చెప్పిన మీ అన్నే ఎక్కువ కాలం కాగితాలు దాచుకోవాల్సిన మనిషి.

ఎక్కడ పెట్టాలి అనేది చివరికి ఉంచాను కానీ చిన్న విషయం కాదు. 2023 జూలై వానలకు, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకు వరంగల్, హన్మకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, కింది అరల్లో, మంచం కింద పెట్టెల్లో ఉన్న కాగితాలు ముద్దలైపోయాయి. కాగితాలు ఎప్పుడూ బీరువా పై అరలో, ప్లాస్టిక్ కవర్లలో, గోడకు ఆనకుండా. పాత ఇంటి నుంచి తెచ్చే ట్రంకు పెట్టెల్లో చెదలు ఉన్నాయేమో ముందు ఆరుబయట తెరిచి చూడండి. రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్లకు లామినేషన్ చేయించొద్దు, ఒకసారి అంటుకుంటే మళ్లీ విడదీయలేం, కింద కాగితం పాడవుతున్నా ఏమీ చేయలేం. ఒరిజినల్ డాక్యుమెంట్లు, బంగారం బిల్లులు బ్యాంకు లాకర్‌లో పెట్టడం మంచిదే. బ్యాంకు నిర్లక్ష్యం వల్ల దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా బాధ్యత వాళ్లదని రిజర్వ్ బ్యాంకు నిబంధన, వరదలాంటివాటికి మాత్రం కాదు. అందుకే స్కాన్ కాపీ తప్పనిసరి.

స్కాన్ చేసినవి ఒక్క ఫోన్‌లోనే ఉంటే దాచినట్టు కాదు. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఒకటి మీ సొంత ఈమెయిల్ ఖాతా క్లౌడ్‌లో, ఆ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టి. ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి, 2024-25 ఫారం 16 బాపు అని, వెతకడం సులువు. డిజిటల్ సంతకం ఉన్న ఫారం 16 ప్రింట్ తీసుకున్నా పీడీఎఫ్ ఉంచండి, ఆ సంతకం సరిచూసేది పీడీఎఫ్‌లోనే. ఇంకోటి, ఐటీ శాఖ పీడీఎఫ్‌లకు పాస్‌వర్డ్ ఉంది కదా అని వాట్సాప్ గ్రూపుల్లో పంపకండి, చాలావాటికి ఆ పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, పక్కన పుట్టిన తేదీ, అంతే. ఇంటర్నెట్ సెంటర్‌లో రిటర్న్ వేయించేవాళ్లు ఈరోజే పోర్టల్‌లోకి వెళ్లి అక్కడ ఉన్న ఫోన్ నంబరు, మెయిల్ తమవేనా చూసుకోండి. సెంటర్ అతని మెయిల్ ఉంటే నోటీసులన్నీ అతనికే పోతాయి, గడువు దాటాక మీకు తెలుస్తుంది.

ఎనిమిదేళ్లు దాటి పారేయాలనుకున్నవి కిలోల లెక్కన పాత పేపర్ల అతనికి అమ్మేయకండి. పాన్, ఆధార్ జిరాక్స్, సంతకం, ఖాతా నంబరు ఒకే చోట ఉన్న కట్ట అది. నంబర్లు, సంతకాలు ఉన్న భాగాలు ముక్కలు చేసి రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెడితే చాలు, మెషీన్ కొనక్కర్లేదు. రిటర్న్, అకనాలెడ్జ్‌మెంట్ కాపీలు మాత్రం సంవత్సరానికి నాలుగు కాగితాలే కాబట్టి నేనైతే ఎప్పటికీ ఉంచమంటాను. బ్యాంకు లోనుకూ, వీసాకూ, పాత ఆస్తికి డబ్బెక్కడిదో చెప్పడానికీ అవే మొదట అడుగుతారు.

ట్రంకు పెట్టెలు తెరిచేటప్పుడు బాపును పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కో డాక్యుమెంటుకూ ఓ చీటీ మీద ఏ సర్వే నంబరు, ఎవరి దగ్గర కొన్నారు, డబ్బు జీపీఎఫ్ నుంచి అప్పు తీసుకున్నదా, అమ్మ బంగారం అమ్మినదా, చిట్టీ ఎత్తినదా ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి తేదీ వేసి సంతకం పెట్టించండి. ఆ చీటీ ఒక్కటే రుజువు కాదు, కానీ ఏ రుజువు ఎక్కడ వెతకాలో చెప్తుంది. ఏ కాగితమైనా దేనిదో అర్థం కాకపోతే దాని పేరు, సంవత్సరం ఇక్కడ రాయండి, చెప్తాను. ఫొటో మాత్రం పెట్టకండి, అందులో పాన్ నంబరు ఉంటుంది.